ఒక్కసారి చేసే పని కాదు

ఇరవై ముప్పై సర్వర్ల క్లస్టర్ కొన్న ప్రతిచోటా ఒకే మాట వినిపిస్తుంది. "ఆపరేటింగ్ సిస్టమ్ వెయ్యడం ఒక్కసారి చేసే పని. దానికోసం పీఎక్స్‌ఈ సర్వర్ పెట్టుకోవడం, కిక్‌స్టార్ట్ ఫైళ్లు రాసుకోవడం, అదంతా లక్షల మెషీన్లున్న గూగుల్ లాంటివాళ్లకి. మనకెందుకు? వెండర్ తరఫు ఇంజనీరు పెన్‌డ్రైవ్ పట్టుకుని వస్తాడు, రెండు రోజులు కూర్చుని అన్నిటికీ వేసి వెళతాడు." ఇంజనీరింగ్ కాలేజీల కంప్యూటర్ సెంటర్లలో, పరిశోధనా విభాగాల్లో, చిన్న కంపెనీల సర్వర్ రూముల్లో ఈ మాటకు ఎదురుచెప్పేవాళ్లు తక్కువ. చెప్పేది అనుభవం లేనివాళ్లు కూడా కాదు. పదిహేనేళ్లుగా లినక్స్ మీద పనిచేస్తున్నవాళ్లే చెబుతారు. అందుకే దానికంత చలామణీ. ఈ వాదం చివర్లో ఎక్కడో దారి తప్పిందని నేననడం లేదు, పునాదే తప్పంటున్నాను.

ముందు ఆ పనేమిటో చెప్పుకోవాలి. అదేదో పెద్ద తతంగం అన్న జంకే ఈ వాదానికి సగం బలం. పవర్ బటన్ నొక్కగానే సర్వర్‌లోని నెట్‌వర్క్ కార్డు, తనకొక అడ్రస్ కావాలని నెట్‌వర్క్ మొత్తాన్నీ అడుగుతుంది. డీహెచ్‌సీపీ సర్వర్ దానికి ఐపీ అడ్రస్ ఇస్తుంది, ఏ మెషీన్ దగ్గరికి వెళ్లి ఏ ఫైలు తెచ్చుకోవాలో కూడా చెబుతుంది. ఆ ఫైలు టీఎఫ్‌టీపీ ద్వారా వస్తుంది. దాని వెనకే కెర్నెల్, కెర్నెల్ వెనకే ఇన్‌స్టాలర్. డిస్కును ఎన్ని భాగాలు చెయ్యాలి, ఏ ప్యాకేజీలు వెయ్యాలి, టైమ్‌జోన్ ఏది, అంతా అయ్యాక ఏ స్క్రిప్టు నడపాలి అని ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబులు ఒక మామూలు టెక్స్ట్ ఫైల్లో రాసి ఉంటాయి. రెడ్ హ్యాట్‌లో దాని పేరు కిక్‌స్టార్ట్, డెబియన్‌లో ప్రీసీడ్, సూసేలో ఆటోయాస్ట్. ఇంతే సంగతి. ఇదేమీ కొత్త విద్య కాదు. డీహెచ్‌సీపీకి పూర్వరూపమైన బూట్‌పీ 1985 నాటిది, ఈ నెట్‌వర్క్ బూట్ పద్ధతికి ఇంటెల్ ఇచ్చిన పీఎక్స్‌ఈ 2.1 స్పెసిఫికేషన్ 1999 నాటిది.

ఇది దిగ్గజాల కోసం పుట్టిందన్న మాట చరిత్రకు నిలవదు. జర్మనీలో కొలోన్ విశ్వవిద్యాలయంలో థామస్ లాంగె ఎఫ్‌ఏఐ అనే ఆటోమేటిక్ ఇన్‌స్టాలర్‌ను 1999లో మొదలుపెట్టింది విశ్వవిద్యాలయంలోని ఒక క్లస్టర్ కోసం. మరుసటి ఏడాది శాన్ డియేగో సూపర్‌కంప్యూటర్ సెంటర్‌లో రాక్స్ అనే పనిముట్టు మొదలైంది. సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్ తమ వృత్తి కాని శాస్త్రవేత్తలు సొంతంగా క్లస్టర్ నిలబెట్టుకోగలగాలన్నదే దాని లక్ష్యం. అంటే మనుషులు తక్కువ, డబ్బు తక్కువ, పనివాళ్లు ఏటేటా మారిపోయే చోట్ల నుంచే ఈ పనిముట్లు వచ్చాయి. మన కాలేజీల పరిస్థితి కూడా సరిగ్గా అదే.

ఇక లెక్కల వాదం. ఇరవై నాలుగు నోడ్లు, ఒక్కోదానికి నలభై నిమిషాలు, మొత్తం పదహారు గంటలు. ఆటోమేషన్ నేర్చుకుని, రాసి, సరిచూసుకోవడానికి తక్కువలో తక్కువ వారం. కాబట్టి చేత్తో వెయ్యడమే లాభం అంటారు. కూడికలో తప్పు లేదు. కూడినదే తప్పు. ఆటోమేషన్ ఇచ్చే ప్రధాన ఫలం మిగిలిన గంటలు కావు, నోడ్లన్నీ ఒక్కలా ఉన్నాయన్న భరోసా. క్లస్టర్ అనే యంత్రానికి ప్రాణం అదే. ఇరవై నాలుగు నోడ్ల మీద ఒకే ఎంపీఐ జాబ్ నడుస్తున్నప్పుడు అన్నిటికన్నా మందకొడి నోడ్ ఎంత వేగంగా నడిస్తే జాబ్ అంత వేగంగా నడుస్తుంది. ఒక నోడ్‌లో లైబ్రరీ వెర్షన్ వేరైతే జాబ్ అక్కడే పడిపోతుంది. ఇంకా ఘోరం, పడిపోకుండా వేరే జవాబు ఇవ్వవచ్చు. ఒకదాని గడియారం నాలుగు సెకన్లు వెనకబడితే లాగుల్లో ఏది ముందు జరిగిందో ఏది తర్వాత జరిగిందో తేలదు. సాయంత్రం ఆరు దాటాక పదిహేడో నోడ్ ముందు కూర్చున్న మనిషి టైమ్ సింక్ పెట్టడం మరిచిపోతాడు. అది ఆయన నిర్లక్ష్యం కాదు. ఒకే జవాబును ఇరవై నాలుగుసార్లు తప్పు లేకుండా టైప్ చెయ్యమని మనిషిని అడగడమే తప్పు.

కొద్ది సర్వర్లే కదా, చేత్తో చేస్తే ఏం పోయింది అనేవాళ్లు 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే స్టాక్ ట్రేడింగ్ సంస్థలో జరిగింది చదవాలి. అది ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాలేషన్ కాదు, వాళ్ల సొంత ట్రేడింగ్ ప్రోగ్రామ్‌ను సర్వర్ల మీదికి ఎక్కించడం. జబ్బు మాత్రం అదే. సర్వర్లు మొత్తం ఎనిమిది. కొత్త కోడ్‌ను ఒక టెక్నీషియన్ చేత్తో ఏడింటికి ఎక్కించాడు, ఎనిమిదోది తప్పిపోయింది. రెండో మనిషి సరిచూడలేదు, సరిచూడాలని రాతపూర్వకంగా ఎక్కడా లేదు. ఆ ఎనిమిదో సర్వర్‌లో ఎప్పుడో వాడటం మానేసిన పాత కోడ్ మళ్లీ మేలుకుని, మార్కెట్ తెరిచిన ముప్పావుగంటలో లక్షల కొద్దీ లావాదేవీలు నడిపింది. నష్టం 46 కోట్ల డాలర్లు దాటిందని ఆ దేశపు మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2013 అక్టోబరులో ఇచ్చిన ఆదేశంలో ఉంది. ఆ ఆదేశంలో నన్ను కలవరపెట్టిన విషయం ఇంకొకటుంది. గొడవ మొదలయ్యాక వాళ్లు సరిగ్గా ఉన్న ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్‌ను తీసేశారు. దాంతో పరిస్థితి మరింత విషమించింది. ఏ సర్వర్‌లో ఏముందో చెప్పే రాత దగ్గర లేనప్పుడు ఆపదలో మనిషి చెయ్యి వెళ్లేది అటే. ఎనిమిది సర్వర్లకే ఇదైతే ఇరవై నాలుగు కొద్ది అని ఎలా అంటాం?

ఒక్కసారి చేసే పని అన్న మాటకు వద్దాం. క్లస్టర్ ఆయుష్షు ఐదేళ్లు, మన దగ్గర నిధుల తీరును బట్టి ఏడెనిమిదేళ్లు. ఆ కాలంలో డిస్కులు పోతాయి, మదర్‌బోర్డులు మారతాయి, మరో గ్రాంటు వస్తే ఇంకో ఎనిమిది నోడ్లు చేరతాయి. ఇవి పక్కన పెట్టినా ఆపరేటింగ్ సిస్టమ్ కాలం చెల్లడం ఎవరి చేతిలోనూ లేదు. ప్రపంచమంతటా పరిశోధనా క్లస్టర్లు నమ్ముకున్న సెంట్‌ఓఎస్ 7 గడువు 2024 జూన్ 30తో ముగిసింది. సెంట్‌ఓఎస్ 8 కథ ఇంకా కటువైనది. 2029 దాకా ఉంటుందనుకున్నదాన్ని 2021 చివరికే ముగిస్తున్నామని రెడ్ హ్యాట్ 2020 డిసెంబరులో ప్రకటించింది. ఏడాది వ్యవధి. రాకీ లినక్స్‌కో ఆల్మా లినక్స్‌కో మారక తప్పని స్థితి. కిక్‌స్టార్ట్ రాసుకున్నవాళ్లు రిపాజిటరీ అడ్రస్ మార్చి, కొన్ని ప్యాకేజీల పేర్లు సరిదిద్ది, ఒక నోడ్ మీద చూసుకుని, మిగతావాటిని వరసగా మార్చుకున్నారు. రాసుకోనివాళ్లలో చాలామంది ఏమీ మార్చలేదు. భద్రతా ప్యాచ్‌లు ఆగిపోయిన సిస్టమ్ మీదే విద్యార్థుల థీసిస్ లెక్కలు నడుస్తున్న గదులు ఈ రోజుకీ ఉన్నాయి. ఒక్కసారి చేసే పని అని నమ్మినందుకు, రెండోసారి చెయ్యాల్సి వచ్చినప్పుడు చెయ్యలేకపోయారు.

చొరబాటు జరిగినప్పుడు కూడా ఇంతే. 2020 మేలో యూరప్‌లో అనేక సూపర్‌కంప్యూటర్ కేంద్రాల్లోకి దొంగిలించిన లాగిన్ వివరాలతో దుండగులు చొరబడ్డారు. ఎడిన్‌బరోలోని ఆర్చర్ సూపర్‌కంప్యూటర్‌ను వాడుకరులకు మూసేసి, పాస్‌వర్డ్‌లు, ఎస్‌ఎస్‌హెచ్ కీలు అన్నీ రద్దు చెయ్యాల్సి వచ్చింది. రూట్ అధికారం బయటివాడి చేతికి చిక్కిన మెషీన్‌ను వెతికి, కడిగి, బాగయిందని ప్రకటించడం కుదరని పని. వాడు ఏ ఫైలు వెనక ఏం దాచాడో ఆ మెషీన్‌నే అడిగితే అది నిజం చెప్పదు. తుడిచి మళ్లీ వేసుకోవడమే దారి. రాత్రికి రాత్రి అది చెయ్యగలమా లేదా అన్నదొక్కటే అప్పుడు మిగిలే ప్రశ్న.

ఇక్కడికి వచ్చేసరికి చాలామంది ఒక రాజీమార్గం చూపిస్తారు. "ఒక నోడ్‌ను పద్ధతిగా తయారుచేసుకుని దాని డిస్క్ ఇమేజ్ తీసుకుంటాం, అదే మిగతావాటికి కాపీ కొడతాం." ఈ గోల్డెన్ ఇమేజ్ పద్ధతి చేత్తో వెయ్యడం కన్నా మేలే, ఒప్పుకుంటాను. కానీ చిక్కు వెంటనే మొదలవుతుంది. ఇమేజ్‌తో పాటు ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు కూడా కాపీ అవుతాయి, దాంతో ఏ నోడ్ ఏదో కీని బట్టి నిర్ధారించుకునే వీలే పోతుంది. మెషీన్ ఐడీ కాపీ అవుతుంది. ఆ ఐడీ నుంచే డీహెచ్‌సీపీ గుర్తింపు తయారుచేసుకునే సిస్టమ్‌లలో రెండు మూడు నోడ్లు ఒకే ఐపీ కోసం కొట్టుకుంటాయి. ఇవి శుభ్రం చేసుకోదగ్గవే. శుభ్రం చెయ్యలేనిది వేరే ఉంది: ఆ ఇమేజ్ లోపల ఏముందో ఎవరికీ తెలియకపోవడం. ముప్పై గిగాబైట్ల ఫైలు తనలో ఎందుకు ఏ మార్పు జరిగిందో చెప్పదు. /etc లోని ఆ ఒక్క వరస ఇన్ఫినిబ్యాండ్ డ్రైవర్ కోసం పెట్టిందా, ఎవరో ఒక రాత్రి జాబ్ నడవకపోతే పెట్టి తియ్యడం మరిచిందా? మూడేళ్ల తర్వాత చెప్పగల మనిషి ఉద్యోగం మారి బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటాడు. పాత ఊళ్లలో కరణంగారి లెక్క కరణంగారికే అర్థమయ్యేది, ఆయన పోతే ఊరి భూముల చరిత్ర సగం ఆయనతో పోయేది. మన సర్వర్ రూములు ఈ 21వ శతాబ్దంలో ఆ స్థితిలోనే ఉన్నాయి.

ఇమేజ్‌నే ఒక రాతలోంచి ప్రతిసారీ కొత్తగా తయారుచేస్తే నాకు పేచీ లేదు. వేర్‌వుల్ఫ్ లాంటి పనిముట్లు చేసేది అదే, నోడ్‌కు డిస్కే అవసరం లేకుండా మెమరీలోకి సిస్టమ్‌ను దింపుతాయి. ఇమేజా, స్క్రిప్టా అన్నది ఇక్కడ తగువు కాదు. సిస్టమ్ ఎలా తయారైందో మనిషి చదవగల రూపంలో ఉందా లేదా అన్నదే తగువు. స్టీవ్ ట్రౌగాట్, లాన్స్ బ్రౌన్ 2002లో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ల లీసా సమావేశంలో సమర్పించిన పత్రం దీన్ని గట్టిగా వాదించింది: రెండు మెషీన్లు ఒక్కలా ఉన్నాయని చెప్పాలంటే మొదటి నుంచీ ఒకే మార్పులు ఒకే వరసలో జరిగి ఉండాలి. ఖాళీ డిస్కు నుంచి మొదలయ్యే ఆటోమేటిక్ ఇన్‌స్టాలేషన్ ఆ వరసను కాపాడుతుంది. మధ్యమధ్య చేత్తో చేసిన మరమ్మతులు దాన్ని చెడగొడతాయి.

నాకు ఎదురయ్యే వాదాల్లో నేను అన్నిటికన్నా గౌరవించేది భయం. "ఒక్క తప్పు కమాండ్‌తో అన్ని సర్వర్లూ తుడిచిపెట్టుకుపోతే?" ఇది ఊహ కాదు. 2014 మేలో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో విండోస్ 7 ఇన్‌స్టాలేషన్ ఆదేశం పొరపాటున క్యాంపస్‌లోని విండోస్ మెషీన్లన్నిటికీ వెళ్లింది. ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌లు, సర్వర్లు కూడా. ఆ ఆదేశంలో మొదటి పని డిస్కును ఫార్మాట్ చెయ్యడం. తప్పు గుర్తించేసరికి ఆదేశం పంపిన సర్వరే ఫార్మాట్ అయిపోయింది. దీన్ని చూపించి ఆటోమేషన్ వద్దనేవాళ్లకు నా జవాబు ఒకటే. తాళాలు లేకపోవడం వల్ల జరిగిన దానికి మందు తాళాలు వెయ్యడం. ఏ మెషీన్ ఎంఏసీ అడ్రస్ జాబితాలో ఉందో దానికే ఇన్‌స్టాలర్ అందాలి, జాబితాలో లేనిది తన డిస్కు నుంచే లేవాలి. ఇన్‌స్టాలేషన్ అనుమతి ఒక్కసారికే చెల్లాలి, పని పూర్తికాగానే సర్వరే ఆ అనుమతిని రద్దు చెయ్యాలి. ఈ ఏర్పాటు లేకపోతే నెట్‌వర్క్ బూట్ ముందు పెట్టిన నోడ్ లేచిన ప్రతిసారీ తనను తాను తుడుచుకుంటూ ఉంటుంది. కిక్‌స్టార్ట్‌లో డిస్కు పేరును ఎస్‌డీఏ అని రాసి వదిలెయ్యకూడదు. స్టోరేజ్ కేబుల్ తగిలించి ఉన్న రోజున ఆ పేరు వేరే డిస్కుకు వెళ్లవచ్చు, సీరియల్ నంబరుతో ఉండే స్థిరమైన పేరు వాడాలి. డేటా సర్వర్లను ఇన్‌స్టాలేషన్ నెట్‌వర్క్‌లోకి అసలు రానివ్వకూడదు. ఈ తాళాలన్నీ రాతలో ఉంటాయి, ఇద్దరు చదివి ఒప్పుకున్నాకే అమల్లోకి వస్తాయి. చేత్తో వేసేటప్పుడు తప్పు డిస్కు ఎంచుకోకుండా ఆపే తాళం ఏముంది? అర్ధరాత్రి ఆ స్క్రీన్ ముందున్న ఒక్కరి మెలకువ తప్ప ఏమీ లేదు.

ఈ భయాన్ని తిరగేసి చూసినవాళ్లు రాక్స్ రాసినవాళ్లు. నోడ్‌లో ఏదో తేడా ఉందన్న అనుమానం వస్తే దాన్ని పరీక్షిస్తూ కూర్చోవద్దు, మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యండి అన్నారు. ఆ పనికి వాళ్లు ఇచ్చిన కమాండ్ పేరు షూట్-నోడ్. కరెంటు పోయి నోడ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోతే, తిరిగి లేచేటప్పుడు తనంతట తానే మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవడం రాక్స్‌లో మామూలు ఏర్పాటు. తుడిచివేత ప్రమాదం అనే చోట నుంచి తుడిచివేతే మరమ్మతు అనే చోటికి వాళ్లు వచ్చారు. కంప్యూట్ నోడ్‌లో వాడుకరి డేటా ఏదీ ఉండకూడదన్న క్రమశిక్షణ దాని వెంట సహజంగా వచ్చింది.

"మేం ప్రయత్నించాం, మా దగ్గర పీఎక్స్‌ఈ పనిచెయ్యలేదు" అనేవాళ్లతో కూర్చుని చూస్తే చాలాసార్లు కారణం స్విచ్‌లో దొరుకుతుంది. పాత తరహా స్పానింగ్ ట్రీ ఆన్‌లో ఉన్న స్విచ్, కేబుల్‌కు ప్రాణం వచ్చాక ముప్పై సెకన్లపాటు ఆ పోర్టు నుంచి ఏమీ పంపనివ్వదు. ఈలోగా నెట్‌వర్క్ కార్డు అడిగి అడిగి విరమించుకుంటుంది. స్విచ్‌లో ఆ పోర్టులకు పోర్ట్‌ఫాస్ట్ అనే సెట్టింగ్ పెడితే తీరిపోయే ఇబ్బంది. ఇంకో కారణం, క్యాంపస్‌లో ఉన్న డీహెచ్‌సీపీ సర్వర్ ముందుగా జవాబివ్వడం. క్లస్టర్‌కు వేరే వీల్యాన్ కేటాయిస్తే ఇదీ పోతుంది. ఆ వేరే వీల్యాన్ భద్రతకు కూడా అత్యవసరం. టీఎఫ్‌టీపీకి పాస్‌వర్డ్ లేదు, ఎవరు అడిగినా ఫైలు ఇస్తుంది. యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్‌లోని నెట్‌వర్క్ బూట్ కోడ్‌లో పిక్సీఫెయిల్ పేరుతో తొమ్మిది లోపాలు 2024 జనవరిలో బయటపడ్డాయి. 2015 నాటి యూఈఎఫ్ఐ 2.5 నుంచి హెచ్‌టీటీపీ బూట్ ఉంది, కొత్త సర్వర్లలో అటు మళ్లడం మంచిది. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. ఒక్కోటీ పరిష్కారం తెలిసినదే.

క్లౌడ్ వచ్చింది, కంటెయినర్లు వచ్చాయి, ఇంకా ఇన్‌స్టాలేషన్ గురించి మాట్లాడతారేమిటి అనేవాళ్లకు రెండు మాటలు చాలు. కంటెయినర్ నడిచేది కింద ఉన్న కెర్నెల్ మీద, ఆ కెర్నెల్‌ను ఎవరో ఒకరు వెయ్యాలి. క్లౌడ్‌లో ఆ ఎవరో ఒకరు మనం కాము, అంతే తేడా. సొంత ర్యాక్ ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు లేదు.

విద్యార్థులు చేత్తో చేస్తేనే నేర్చుకుంటారనే అధ్యాపకుల మాట నాకు దగ్గరిదే, అయినా ఒప్పుకోను. ఒకసారి చేత్తో వెయ్యాలి, నిజమే. రెండోసారి వేస్తే నేర్చుకునేది నెక్స్ట్ బటన్ ఎక్కడుందో. కిక్‌స్టార్ట్ రాసే విద్యార్థి మాత్రం ఇన్‌స్టాలర్ మౌనంగా తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ తాను తీసుకోవాలి. బూట్ పార్టిషన్ ఎందుకు వేరు, స్వాప్ ఎంత, ఎస్‌ఈలినక్స్ ఏ స్థితిలో ఉండాలి. మొదలుపెట్టడానికి ఖర్చు కూడా లేదు. రెడ్ హ్యాట్ కుటుంబంలో ఏ సిస్టమ్‌ను చేత్తో ఇన్‌స్టాల్ చేసినా, చేసినవాళ్లు ఇచ్చిన జవాబులన్నీ రూట్ యూజర్ హోమ్ డైరెక్టరీలో అనకొండ-కేఎస్ అనే ఫైల్లో రాసి ఉంటాయి. ఆ ఫైలు తెరిచి చదివితే సగం పాఠం అక్కడే ఉంది. మిగతా సగం దాన్ని గిట్‌లో పెట్టి, ఎందుకు మార్చారో ప్రతి మార్పు పక్కన రాయడం.

జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ 2015లో మొదలయ్యాక ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ లాంటి పెద్ద యంత్రాలు వచ్చాయి. వాటి నిర్వహణ వెనుక సీడ్యాక్ లాంటి సంస్థ ఉంది. నా ఆందోళన వాటి గురించి కాదు. ఒక ప్రొఫెసర్ ప్రాజెక్టు డబ్బుతో కొని, ఒక పీహెచ్‌డీ విద్యార్థి భుజాన పెట్టిన పదహారు నోడ్ల గురించి. ఆ విద్యార్థి తన పరిశోధన మానుకుని నోడ్లకు కాపలా కాస్తున్నాడు. తెలిసిన పనిముట్లను వాడకుండా ఒక యువ పరిశోధకుడి ఏళ్లను ఇలా ఖర్చుపెట్టడం అన్యాయమని నేను అంటాను.

దీన్ని మార్చగల చోటు టెండర్ కాగితం. క్లస్టర్ కొనే సంస్థలు సాంకేతిక షరతుల్లో ఇవి చేర్చాలి. ఇన్‌స్టాలేషన్ సర్వర్‌లోని కాన్ఫిగరేషన్ ఫైళ్లన్నీ, కిక్‌స్టార్ట్‌తో సహా, కొన్న సంస్థకు వెండర్ అప్పగించాలి, అవి ఆ సంస్థ గిట్ సర్వర్‌లో ఉండాలి. అప్పగింత రోజున సంస్థ మనిషి తనకు నచ్చిన రెండు నోడ్లు చూపించి వాటి డిస్కులు తీయించి ఖాళీ డిస్కులు పెట్టిస్తారు. కీబోర్డు, మానిటర్, పెన్‌డ్రైవ్ ఏదీ తగిలించకుండా ఆ నోడ్లు తిరిగి లేచి, జాబ్ క్యూలో చేరి, పాత జాబ్‌ను నడిపి పాత జవాబే ఇవ్వాలి. అది చేసి చూపించాల్సింది కూడా వెండర్ ఇంజనీరు కాదు, వాళ్ల దగ్గర శిక్షణ పొందిన సంస్థ ఉద్యోగి. అంతవరకూ చివరి విడత బిల్లు ఆపి ఉంచాలి.